పదిహేను సీట్ల వ్యాను

మంగళవారం నాలుగింటికి
కాలేజీ వ్యాను తాళాలు నా చేతికొస్తాయి.
పన్నెండు మంది పిల్లలు, నలభై మైళ్లు.
బొగ్గు కోసం తల నరికిన కెంటకీ కొండ,
ఆ బోడినెత్తి మీద జైలు.

ఖాకీ బట్టలొద్దు. ఫోన్లొద్దు.
ఇంటిపేర్లు అడగొద్దు, చెప్పొద్దు.
క్లాసులు అయిపోయాక ఉత్తరాలొద్దు.
కాగితం చేతులు మారుతుంది.
పక్క తలుపు మొరాయిస్తుంది ఎప్పట్లాగే,
నేను దిగి లాగుతాను.

గేటు వాళ్లను మింగేశాక
నాకు ఫ్లాస్కులో కాఫీ, సగం అల్లిన మేజోడు,
రేడియోలో గరగర.
లోపలికి నేనెప్పుడూ వెళ్లలేదు.
మా తమ్ముడు ఇంకో జైల్లో ఏడేళ్లున్నాడు.
ఆ ఏడేళ్లూ
నా కారు బాగుండేది కాదు.

తిరుగుదారిలో పిల్లలు మాట్లాడుకుంటారు
డ్రైవరుకి చెవులుండవన్నట్టు.
లెమ్యుయెల్ ఇవాళ టెస్సాతో వాదం వేసుకున్నాడట.
కథలో తల్లి అబద్ధమాడిందని ఆ పిల్ల తప్పుపడితే
"కడుపు నింపిన అబద్ధానికి శిక్ష వెయ్యకు తల్లీ,
వేసేవాళ్లు వేరే ఉన్నారు" అన్నాడట.
ఇంకోవారం, అతను రాసిన నాలుగు పేజీలు:
వాళ్ల తాతకి గుడ్డి కంచరగాడిద ఉండేదట,
అడుగులు లెక్కపెట్టుకుని
మలుపు తిరిగేదట లోయ పక్కన.
ఆ రాత్రి పొగమంచులో
నేను కూడా లెక్కపెట్టాను.

ఏప్రిల్లో ఆఖరి క్లాసు.
ఆ రోజు వ్యానులో ఎవరూ నోరు విప్పలేదు.
హీటరొక్కటే ఏదో చెబుతూ వచ్చింది.

రెండేళ్లకి, చర్చి కమిటీ నుంచి మిసెస్ ఫుగేట్ ఫోను:
"బుధవారం పొద్దున ఒకతన్ని వదిలిపెడుతున్నారు డెల్ఫియా,
వచ్చేవాళ్లెవరూ లేరట,
బస్టాండు దాకా దింపగలవా?"
పేరు చెప్పింది.
కాలేజీవాళ్లని వ్యాను అడిగి తెచ్చాను.
నా కారు బాగానే ఉంది, ఇప్పుడు.

ఉల్లిపాయల వల సంచి లాంటి దాంట్లో
రెండు చొక్కాలు, ఒక నిఘంటువు.
నేననుకున్నంత పొడుగు లేడు.
వ్యాను తలుపు ముందు నిలబడ్డాడు,
లోపల్నించి ఎవరో మీట నొక్కాలన్నట్టు.
దిగి తెరిచాను.
"ఎక్కడ కూర్చోమంటారమ్మా?"
"నీ ఇష్టం."

పదిహేను సీట్లు.
అతను చాలాసేపు వంగే నిలబడ్డాడు.

"టెస్సా మూడో వరసలో, కిటికీ పక్కన" అన్నాను.
అద్దంలో అతని కళ్లు నా వైపు తిరిగాయి.
"మీకెలా తెలుసు?"
"నీ కంచరగాడిద కూడా తెలుసు నాకు."
చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు,
ముందు పళ్లు రెండు లేవు.

మూడో వరసలోనే కూర్చున్నాడు.
సీటు మీద గుడ్డని అరచేత్తో ఒకసారి తుడిచి,
కాదు, తుడవలేదు,
ఊరికే తాకి.

మొదటి లోయ దాటాక అడిగాడు:
"ఆ అమ్మాయి ఇంటిపేరేమిటి?"
నాకు తెలుసు. నాలుక చివరుంది.
మింగేశాను.
అది ఇవ్వడానికి నాది కాదు.
నా దగ్గర వేరే ఒకటుంది,
రెండేళ్లుగా ఎవరికీ అప్పజెప్పనిది.

"వాదంలో నువ్వే గెలిచావు లెమ్యుయెల్.
ఆ రాత్రే ఒప్పేసుకుంది,
ఇదిగో, ఈ పెట్రోలు బంకు దగ్గర.
వాళ్లమ్మ కూడా అలాంటి అబద్ధమే ఆడిందట.
నీకు చెప్తానంది వచ్చేవారం.
వచ్చేవారం మీకు లాక్‌డౌను."

అతనేమీ అనలేదు.
బొగ్గు లారీ ఒకటి మమ్మల్ని ఊపి పోయింది.
మలుపుల దగ్గర వెనకాల
పెదవుల చప్పుడు వినిపించింది,
పన్నెండు, పదమూడు, పద్నాలుగు.
నేను స్టీరింగు తిప్పేసరికి ఆగేది.

మా తమ్ముడు ఏ బస్సులో వచ్చాడో,
ఎంతసేపు నిలబడ్డాడో
నేనెప్పుడూ అడగలేదు.

బస్టాండు. వాన తుంపర.
తలుపు దగ్గరికొచ్చి మళ్లీ ఆగాడు.
ఈసారి నేను దిగలేదు.
"కొంచెం పైకెత్తి లాగాలి" అన్నాను.
లాగాడు, రాలేదు.
"ఎత్తి."
మూడోసారికి వచ్చింది.

ఇంజను ఆపలేదు నేను.
కదలనూ లేదు.